పది మీటర్ల బ్యాండ్‌పై 200 మిల్లీవాట్ల విస్పర్ ట్రాన్స్‌మిటర్: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

హైదరాబాద్‌లో మా ఇంటి డాబా మీద, ఇంట్లోనే కట్టుకున్న 200 మిల్లీవాట్ల విస్పర్ (WSPR: అతి తక్కువ శక్తి సంకేతం ఎంత దూరం చేరుతుందో కొలిచే అమెచ్యూర్ రేడియో పద్ధతి) ట్రాన్స్‌మిటర్‌ను పది మీటర్ల (28 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌లో 2023 చివరి నుంచి నడుపుతున్నాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిగా తేలిన విషయం ఒకటుంది. 28 మెగాహెర్ట్జ్ దగ్గర వాట్లు పెంచడానికి పెట్టే డబ్బు కంటే, ఫ్రీక్వెన్సీని కదలకుండా నిలబెట్టడానికీ మంచి కేబుల్‌కూ పెట్టే డబ్బే ఎక్కువ ఫలితాన్నిస్తుంది. సూర్యుడి చురుకుదనం దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంది, అది ఎక్కువగా ఉన్నప్పుడు ఈ బ్యాండ్ చాలా దూరం పలుకుతుంది. ప్రస్తుత ఆవృత్తమైన సౌరచక్రం 25 ఉచ్ఛస్థితికి చేరిందని 2024 అక్టోబరులో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. నా పరికరం పనిచేసిన కాలం చాలావరకు ఆ మంచి రోజుల్లోనే గడిచింది కాబట్టి, ఇక్కడ చెప్పే ఫలితాలను ఆ మేరకు తగ్గించి చూసుకోవాలి.

విస్పర్ సంభాషణ కోసం పుట్టినది కాదు. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జో టేలర్ దీన్ని 2008లో విడుదల చేశారు. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), ఉన్న చోటును సూచించే నాలుగక్షరాల లొకేటర్, ప్రసార శక్తి, ఈ మూడింటినీ 50 బిట్లలో కుదించి, సరి నిమిషం మొదలైన ఒక సెకను తర్వాత ఆరంభించి, దాదాపు 110 సెకన్ల పాటు చాలా నెమ్మదిగా పంపుతుంది. సంకేతం వెడల్పు 6 హెర్ట్జ్ మాత్రమే కావడం వల్ల, చెవికి ఏమాత్రం వినిపించని సంకేతాన్ని కూడా అవతలి కంప్యూటర్ చదివి, ఎంత బలంగా అందిందో అందరికీ తెలిసేలా నమోదు చేస్తుంది.

పరికరం గుండెకాయ, క్రిస్టల్ ఆధారంగా కావలసిన ఫ్రీక్వెన్సీని పుట్టించే ఎస్ఐ5351 అనే క్లాక్ చిప్. దాని వెనుక ఒక బీఎస్170 ట్రాన్సిస్టర్, ఆ తర్వాత అవసరానికి మించిన ఫ్రీక్వెన్సీలను ఆపే లో-పాస్ ఫిల్టర్ ఉంటాయి. చౌక బోర్డుల మీద వచ్చే 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌లో పెద్ద ఇబ్బంది ఉండదు గాని, పది మీటర్లకు వచ్చేసరికి కథ మారిపోతుంది. క్రిస్టల్ పది లక్షల్లో ఒక వంతు జరిగితే 7 మెగాహెర్ట్జ్ వద్ద తేడా 7 హెర్ట్జ్, 28 వద్ద 28 హెర్ట్జ్. విస్పర్‌కు కేటాయించిన కిటికీ మొత్తం 200 హెర్ట్జ్ వెడల్పే. అంతకంటే ముఖ్యంగా, ఒక్క ప్రసారం సాగుతున్న రెండు నిమిషాల్లోపే ఫ్రీక్వెన్సీ నాలుగైదు హెర్ట్జ్ జారితే అవతలి కంప్యూటర్ దాన్ని చదవలేకపోతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి క్రిస్టల్ మీద పడినప్పుడల్లా అవతలి స్టేషన్ల నివేదికల్లో డ్రిఫ్ట్ (ఫ్రీక్వెన్సీ జారుడు) అంకె మారడం నేను కళ్లారా చూశాను. క్రిస్టల్ మీద చిన్న థర్మోకోల్ ముక్క అతికించి, బోర్డును మూత ఉన్న అల్యూమినియం పెట్టెలో పెట్టాక ఆ అంకె చాలావరకు సున్నా దగ్గర నిలిచింది. ఆ తర్వాత ఉష్ణోగ్రత మార్పును సర్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్ (టీసీఎక్స్‌ఓ) ఉన్న బోర్డు వేసి, జీపీఎస్ మాడ్యూల్‌తో సమయాన్నీ ఫ్రీక్వెన్సీనీ రెంటినీ సరిచూసేలా అమర్చుకున్నాను. మొత్తం పరికరంలో నేను బేషరతుగా సిఫారసు చేసే భాగం ఇదే. మే నెల ఎండలో డాబా గది కొలిమిలా కాగుతున్నా సంకేతం తన చోటు నుంచి కదలలేదు.

ఫిల్టర్ విషయంలో రాజీ పనికిరాదు. చిప్ ఇచ్చేది స్క్వేర్ వేవ్, అందులో మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర వచ్చే అనవసర సంకేతం) 84 మెగాహెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటుంది. పసుపు రంగు టీ37-6 రింగుల మీద ఎనామిల్ తీగ చుట్టి చేసిన ఫిల్టర్ నాకు బాగా పనిచేసింది. చుట్లను గోటితో కొద్దిగా దగ్గరికి జరిపినా, విడదీసినా ఔట్‌పుట్ మారుతుంది కాబట్టి, సరైన చోటు దొరికాక చుట్లు కదలకుండా అతికించడం అవసరం.

యాంటెన్నా 5 మీటర్ల పొడవున్న మామూలు డైపోల్. దీన్ని ఈశాన్య–నైరుతి దిశల మధ్య కట్టాను. డైపోల్ ప్రసారం తీగకు అడ్డంగా బలంగా, కొసల వైపు బలహీనంగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే జర్మనీ వాయవ్యంలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ ఆగ్నేయంలో, ఇంచుమించు ఒకే గీత మీద పడతాయి. అందువల్ల ఒక్క తీగ రెండు వైపులా పనిచేస్తుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. రీయూనియన్ దీవి, జపాన్ తీగ కొసల వైపు ఉండిపోవడంతో అక్కడి నివేదికలు ఎప్పుడూ బలహీనంగానే వస్తాయి. ఇక కేబుల్ సంగతి. 20 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు ఒకటిన్నర డెసిబెల్ మింగేస్తుంది, అంటే 200 మిల్లీవాట్లలో దాదాపు మూడో వంతు దారిలోనే ఆవిరైపోతుంది. లావుపాటి ఆర్‌జీ-213కు మారాక ఆ నష్టం సగానికి తగ్గింది.

బ్యాండ్ తెరుచుకున్న రోజుల్లో ఉదయం నుంచే పెర్త్ వైపు, సుమారు 6,800 కిలోమీటర్ల దూరం, సంకేతం చేరేది. మధ్యాహ్నం దాటాక యూరప్ నివేదికలు మొదలై రాత్రి తొలి గంటల వరకు వరుసగా వచ్చేవి. సౌర జ్వాలల వల్ల ఏర్పడే రేడియో బ్లాకౌట్లలో 7 మెగాహెర్ట్జ్ పూర్తిగా చచ్చిపోయినా 28 మెగాహెర్ట్జ్ త్వరగా కోలుకోవడం ఎంతో ఆసక్తికరంగా అనిపించింది. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆకాశంలో రేడియో తరంగాలను మింగే డి-పొరలో (అయనోస్ఫియర్ అడుగు పొర) శోషణ తగ్గడమే దీనికి కారణం.

ఈ నివేదికల అసలు విలువ అంకెల్లో ఉంది. జర్మనీ నుంచి మైనస్ 17 డెసిబెల్ (నేపథ్య శబ్దంతో పోలిస్తే సంకేతం బలం) అని వచ్చిందనుకుందాం. అదే దారిలో 5 వాట్లు వాడితే 14 డెసిబెల్ కలుస్తుంది, సంకేతం మైనస్ 3కు చేరుతుంది, మోర్స్ హాయిగా వినిపిస్తుంది. 100 వాట్లయితే 27 డెసిబెల్ కలిసి ప్లస్ 10 అవుతుంది, మాట్లాడటానికి దాదాపు సరిపోతుంది. ట్రాన్సీవర్ (పంపడం, వినడం రెండూ చేసే రేడియో) కొనే ముందే తన యాంటెన్నా ఎంత దూరం పలుకుతుందో లెక్కగట్టుకునే అవకాశం కొత్త హామ్‌కు (అమెచ్యూర్ రేడియో వాడుకరికి) ఇంత తక్కువ ఖర్చులో ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

పరిమితులు చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమే. నివేదిక రాలేదంటే దారి మూసుకుపోయిందని అర్థం కాదు, ఆ వైపు వినేవారు లేకపోయి ఉండవచ్చు. ఆఫ్రికా లోపలి ప్రాంతాల విషయంలో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. నాలుగక్షరాల లొకేటర్ మన అక్షాంశంలో ఇంచుమించు 210 కిలోమీటర్ల వెడల్పు, 110 కిలోమీటర్ల ఎత్తు ఉన్న గడి మాత్రమే కనుక, చూపించే దూరాలు కచ్చితమైనవి కావు. అన్నిటికీ మించి, అవతలి మనిషితో ఒక్క మాటైనా కలవదు. మాటామంతీ కోరుకునేవారు దీన్ని కొలత సాధనంగానే ఉంచుకుని, మోర్స్ కీని పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి. 200 మిల్లీవాట్లే కదా అని లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు. టెలికమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష ఎంత చిన్న శక్తికైనా తప్పనిసరి, శిక్షణకు హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది.

సౌరచక్రం దిగే కొద్దీ ముందుగా 28, ఆపైన 24, ఆ తర్వాత 21 మెగాహెర్ట్జ్ బలహీనపడతాయి. కాబట్టి ఇప్పుడు కొత్తగా కట్టుకునేవారు ఒకే బ్యాండ్‌కు బిగించేయకుండా, ఫిల్టర్‌ను ఊడదీసి మార్చుకునేలా పిన్నులు పెట్టించుకోవడం మేలు. నా బోర్డు మీద పన్నెండు, పదిహేను మీటర్ల ఫిల్టర్లకు చోటు వదిలే ఉంచాను.