పీడీబీ వాడుతున్నారా? బొమ్మకంటే ముందు రిజల్యూషన్ చూడండి

భీమవరంలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతూ, ప్రోటీన్ల త్రీడీ నిర్మాణాలు దాచి ఉంచే వెబ్‌సైట్ పీడీబీని, అంటే ప్రోటీన్ డేటా బ్యాంక్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు, లాగిన్ గొడవ లేదు. 1971లో ఏడే ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది. పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. కానీ బొమ్మ అందంగా ఉంది కదా అని నమ్మేస్తే మాత్రం దెబ్బతింటాం.

1 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దగ్గర తేలిన నిర్మాణమైనా, 3.5 దగ్గర తేలినదైనా తెరమీద ఒకేలా నిగనిగలాడుతుంది. అవే పుల్లలు, అవే రిబ్బన్లు. అసలు తేడా పేజీలో ఓ పక్కన రాసి ఉండే రిజల్యూషన్ అంకెలో, అంటే ఎంత సన్న వివరం వరకు కనబడిందో చెప్పే అంకెలో ఉంది. అంకె తగ్గేకొద్దీ వివరం పెరుగుతుంది. పిల్లలు మొదట్లో దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

ఈ అంకె ఎక్కడిదంటే, ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పడితే డిటెక్టర్ మీద చుక్కలు వస్తాయి. మధ్యలోని చుక్కలు అణువు మోటు ఆకారం చెబుతాయి, డిటెక్టర్ అంచుల్లోవి సన్న వివరం చెబుతాయి. స్ఫటికంలో అణువుల వరస ఏమాత్రం చెదిరినా ముందు మాయమయ్యేవి ఆ అంచు చుక్కలే. 3 నుంచి 1.5కి రావాలంటే సుమారు ఎనిమిది రెట్ల చుక్కలు కావాలి. 1958లో జాన్ కెండ్రూ అనే శాస్త్రవేత్త కండరాల్లోని మయోగ్లోబిన్ ప్రోటీన్‌ను 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర చూసినప్పుడు కనబడ్డవి మెలికలు తిరిగిన కడ్డీలే.

కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య దూరం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాబట్టి 3 దగ్గర పక్కపక్క పరమాణువులు విడిగా కనబడవు. గోదావరి అవతలి గట్టు మీది కొబ్బరితోట లాంటిదది, తోట ఉందని తెలుస్తుంది గానీ చెట్లు లెక్కపెట్టలేం. మిగతాది తెలిసిన కెమిస్ట్రీతో పూరిస్తారు. తప్పేం కాదు, కాకపోతే పూరించారన్న సంగతి మనకు తెలియాలి.

ఇదంతా చెప్పేకంటే పీడీబీలో 3ఎన్ఐఆర్ అనే ఎంట్రీ తెరిచి చూపించడం తేలిక. 46 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ క్రాంబిన్, 0.48 ఆంగ్‌స్ట్రామ్. అందులో 29వ అమైనో ఆమ్లమైన టైరోసిన్ దగ్గర ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాప్ (ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూపే పటం) ఆన్ చేస్తే వలయం నడుమ చిల్లు స్పష్టంగా కనిపిస్తుంది. కాంటూరు, అంటే ఎంత దట్టమైన చోట్లు మాత్రమే చూపాలన్న గీత, పెంచుతూ పోతే మ్యాప్ విడిపోయి ఒక్కో పరమాణువూ ఒక్కో గోళీ అవుతుంది. తర్వాత 3 దగ్గరి ప్రోటీన్‌లో టైరోసిన్ చూపిస్తే చదునైన ముద్ద, అంతే. క్లాసులో టక్కున నిశ్శబ్దం వచ్చేది ఇక్కడే. రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు వైట్ స్పాట్ వైరస్ పైపొర ప్రోటీన్ వీపీ28 అడుగుతారు, అది 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంది, పనికొస్తుంది.

మా ఊళ్లో తప్పనిసరి మాత్రం 4డీఎఫ్ఆర్ అనే ఎంట్రీ. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది ఇక్కడే. లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం పనితో మొదలైన ఫోలిక్ ఆమ్ల విరోధి మందుల కోవలోదే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్. అది ఈ.కోలై బ్యాక్టీరియాలోని డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైములో ఎలా ఇరుక్కుందో ఈ ఎంట్రీ 1.7 దగ్గర చూపిస్తుంది. ఫోలిక్ ఆమ్లంలో ఆక్సిజన్ ఉన్నచోట మందులో నైట్రోజన్ ఉండే అమైనో గుంపు ఉంటుంది. నైట్రోజన్‌కి 7 ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్‌కి 8. ఆ ఒక్క ఎలక్ట్రాన్ తేడాను 1.7 దగ్గర మ్యాప్ పట్టివ్వదు. “మరి ఏది ఏదో ఎలా తెలిసిందండీ?” అని ఎవరో ఒకరు అడగాలి, అడుగుతారు కూడా. జవాబు పక్కనే ఉన్న 5వ, 94వ ఐసోల్యూసిన్ అమైనో ఆమ్లాల్లో ఉంది. వాటి వెన్నెముకలోని ఆక్సిజన్లతో హైడ్రోజన్ బంధాలు కుదరాలంటే ఎదురుగా అమైనో గుంపే ఉండాలి.

ఇక ఫిర్యాదులు. రిజల్యూషన్ అంకె మొత్తం స్ఫటికానికి ఒక్కటే. 1.8 అని రాసి ఉన్నా ప్రోటీన్ ఉపరితలం మీది లైసిన్ అనే అమైనో ఆమ్లం కొనకు మ్యాప్‌లో ఆనవాలే ఉండకపోవచ్చు, బొమ్మలో మాత్రం పుల్ల దర్జాగా నిలబడి ఉంటుంది. మందు చుట్టూ మ్యాప్ చూడకుండా నోట్స్ రాయకండి. ప్రయోగ డేటా జమచేయడం 2008లో గానీ తప్పనిసరి కాలేదు, అందుకే పాత ఎంట్రీలు చాలావాటికి మ్యాపే దొరకదు. పేజీ తెరవగానే మ్యాప్ కాక రిబ్బన్ బొమ్మ రావడం కూడా నాకు నచ్చదు. ఐదుకి నాలుగున్నర.

కరెంటు టెన్షన్ ఉన్నవాళ్లు ఫైళ్లు ముందే దించుకుని కూట్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి, అదీ ఉచితమే. రైబోజోమ్ జోలికి అప్పుడే వెళ్లకండి, మా ల్యాబ్ కంప్యూటర్లు అక్కడే మొరాయిస్తాయి.