ఎఫ్32, ఎఫ్33 డిప్రెషన్ కోడ్లు: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

అమెరికా రోగుల చార్టులకు 2015 అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల పట్టిక నడుస్తోంది. అందులో ఎండీడీకి, అంటే మేజర్ డిప్రెసివ్ డిజార్డర్‌కు ప్రధానంగా రెండే కేటగిరీలు: ఒకే ఎపిసోడ్ అయితే ఎఫ్32, తిరగబెడితే ఎఫ్33. హైదరాబాద్‌లో రిస్క్ అడ్జస్ట్‌మెంట్ చార్టులు (రోగి జబ్బుల తీవ్రతను బట్టి బీమా చెల్లింపు లెక్కించేవి) చూసే కోడర్లకు ఇవి రోజూ తగిలేవే. వీటి అమరిక బాగుందనే చెబుతాను. పేచీ అంతా డాక్టర్ నోట్‌లో ఉంటుంది. ఇది మొదటి ఎపిసోడా, మళ్లీ వచ్చిందా? తీవ్రత ఎంత? సైకోటిక్ లక్షణాలు (భ్రమలు, లేనివి వినబడటం వంటివి) గానీ రెమిషన్ (లక్షణాలు తగ్గిపోవడం) గానీ ఉందా? ఈ మూడూ రాసి ఉంటే కోడ్ వెతకాల్సిన పనే ఉండదు. రాయకపోతే ఎంత మంచి ఎన్‌కోడర్ (కోడ్ వెతికే సాఫ్ట్‌వేర్) అయినా అక్కరకు రాదు.

చుక్క తర్వాతి అంకెల వరస తేలిగ్గా గుర్తుంటుంది. రెండు కేటగిరీల్లోనూ .0 మైల్డ్, .1 మోడరేట్, .2 సైకోటిక్ లక్షణాలు లేని సివియర్, .3 అవి ఉన్న సివియర్. రెమిషన్ దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. ఎఫ్32లో పార్షియల్‌కు .4, ఫుల్‌కు .5. ఎఫ్33లో అవే .41, .42 అవుతాయి, ఏదో చెప్పకపోతే .40. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఈ సెట్‌లో నాకు బాగా నచ్చిన మార్పు 2021 అక్టోబర్ 1న వచ్చిన ఎఫ్32.ఎ. అంతకుముందు నోట్‌లో ఉత్తి 'డిప్రెషన్' అని ఉన్నా ఎఫ్32.9 వేయాల్సి వచ్చేది. అంటే డాక్టర్ అనని 'మేజర్' అనే మాట రోగి రికార్డులోకి ఎక్కేది. ఇప్పుడు ఆ అన్యాయం లేదు. ఉత్తి డిప్రెషన్ అయితే ఎఫ్32.ఎ, 'ఎండీడీ' అని మాత్రమే రాస్తే ఎఫ్32.9. ఇన్నేళ్లయినా పాత అలవాటుతో ఎఫ్32.9 వేసేవాళ్లు ఉన్నారు. ఆడిట్‌లో అది తప్పుగానే లెక్క.

ఎక్కువ తప్పులు జరిగేది డిప్రెషన్ లక్షణాలు కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 దగ్గర. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10-14 ఉంటే మోడరేట్, 20, ఆపైన ఉంటే సివియర్ అని అందరికీ తెలుసు. దాంతో స్కోరు చూసి తీవ్రత వేసేయాలనిపిస్తుంది. వేయకూడదు. అది స్క్రీనింగ్ సాధనం. తీవ్రత తేల్చి అసెస్‌మెంట్‌లో రాయాల్సింది డాక్టరే. పైగా 15-19కి ఆ స్కేలు పెట్టిన పేరు 'మోడరేట్లీ సివియర్'. ఐసీడీలో ఆ గడే లేదు. .1 వేయాలా, .2 వేయాలా అని మనం తేల్చుకోకూడదు, డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి.

మందుల జాబితా చూసి జబ్బు తేల్చడమూ అంతే ప్రమాదం. ట్రాజొడోన్ నిద్రకు ఇస్తారు, బుప్రొపియాన్ సిగరెట్ మాన్పించడానికి ఇస్తారు, అమిట్రిప్టిలిన్ మైగ్రేన్ రాకుండా ఇస్తారు. సెర్ట్రలిన్ యాంగ్జైటీకి కూడా వాడతారు.

'హిస్టరీ ఆఫ్ డిప్రెషన్' అని రాసి, కింద అదే జబ్బుకు మందు కొనసాగించిన నోట్లు కోకొల్లలు. జబ్బు పూర్తిగా పోయిందా, రెమిషన్‌లో ఉందా, ఇంకా నడుస్తోందా అన్నది ఆ ఒక్క మాటతో తేలదు. రెమిషన్‌ను డాక్టరే రాయాలి. డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు సైకియాట్రిస్టులు వాడే గ్రంథం) ప్రకారం ఫుల్ రెమిషన్ అంటే గత రెండు నెలల్లో చెప్పుకోదగ్గ లక్షణాలేవీ లేకపోవడం. 'ఇప్పుడు బాగానే ఉన్నాను' అని రోగి అన్న మాటతో .5 వేయలేం. క్వెరీలో కూడా జవాబు మనం అందించకూడదు. నోట్‌లోని ఆధారాలు చూపి, వైద్యపరంగా కుదిరే అవకాశాలన్నీ ఇచ్చి, 'ఇతరం', 'నిర్ధారించలేను' అనే రెండూ చేర్చాలి.

ఈ కోడ్లలో నాకు నచ్చనిది ఒకటుంది. సైకోటిక్ లక్షణాలకు చోటు సివియర్‌లోనే. డీఎస్‌ఎం-5 మాత్రం అవి ఉంటే తీవ్రతతో పని లేకుండా .3 వేయమంటుంది. 'మోడరేట్, విత్ సైకోటిక్ ఫీచర్స్' అని సైకియాట్రిస్ట్ రాస్తే ఆయన పద్ధతిలో అది సరైనదే. మనకేమో క్వెరీ తప్పదు. ఐసీడీ-11లో 6ఎ70.2గా దానికి సొంత కోడ్ ఉంది.

డబ్బు లెక్క కూడా మారింది. అమెరికా ప్రభుత్వ బీమాను ప్రైవేటు కంపెనీల ద్వారా ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్‌లో, చెల్లింపు లెక్కకు వాడిన పాత వీ24 మోడల్ మైల్డ్‌నూ, రెమిషన్‌నూ, చివరికి ఎఫ్33.9నూ (తీవ్రత చెప్పని, తిరగబెట్టిన ఎండీడీ) హెచ్‌సీసీ 59 అనే చెల్లింపు వర్గంలో లెక్కించేది. కొత్త వీ28 మోడల్‌లో అవన్నీ పోయాయి. మోడరేట్, సైకోటిక్ లక్షణాలు లేని సివియర్ మాత్రం హెచ్‌సీసీ 155లో మిగిలాయి. 2024లో మొదలైన ఈ మార్పు 2026కి పూర్తిగా అమలైంది. అందుకే 'మోడరేట్' అన్న మాట కోసం డాక్టర్ మీద ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. లక్షణాలు, పరీక్ష, చికిత్స ఆ తీవ్రతకు తగ్గట్టు నోట్‌లో కనబడకపోతే ఆ కోడ్‌ను వదిలేయడమే న్యాయం.

ఆత్మహత్య ఆలోచనలు రాసి ఉంటే ఆర్45.851 అదనంగా వేయాలి, డిప్రెషన్ కోడ్‌లో అది కలిసిపోదు. బైపోలార్ అని ఖాయమైన రోగికి ఎఫ్31తో పాటు ఎఫ్32, ఎఫ్33 వేయకూడదు, రెండూ కలిపి వేయొద్దనే ఎక్స్‌క్లూడ్స్1 నియమం అడ్డుపడుతుంది. 'ప్రాబబుల్ ఎండీడీ' అని అవుట్‌పేషెంట్ నోట్‌లో ఉంటే కోడ్ చేయకండి, లక్షణాన్ని కోడ్ చేయండి.

అదే విజిట్‌లో డాక్టర్ మందులు చూసి థెరపీ కూడా చేస్తే, ఈఅండ్ఎం (డాక్టర్ పరీక్ష, చికిత్స నిర్ణయాల విజిట్ కోడ్)తో పాటు 90833 (థెరపీకి అదనపు కోడ్) వేయడానికి థెరపీకే 16 నుంచి 37 నిమిషాలు పట్టినట్టు విడిగా రాసి ఉండాలి. అప్పుడు ఈఅండ్ఎం స్థాయిని సమయాన్ని బట్టి ఎంచుకోకూడదు, వైద్య నిర్ణయాల సంక్లిష్టతను బట్టే ఎంచుకోవాలి. 'మొత్తం 40 నిమిషాలు గడిపాను' అన్న ఒక్క వాక్యం మీద 90833 నిలబడదు.