ఒక ఫోన్ నంబరు, ఇద్దరు లక్ష్ములు: మూడేళ్లు వాడిన క్లినిక్ సాఫ్ట్‌వేర్

టోకెన్లు, బిల్లులు, మందుల స్టాకు, ఎక్స్‌పైరీ హెచ్చరికలు ఏ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి. ఇందులోనూ ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. వాటి జోలికి పోను. నా గొడవంతా రెండు రికార్డులను ఒకటిగా కలిపే ‘మెర్జ్’ అనే ఒక్క బటన్ గురించే. కంపెనీ పేరు అనవసరం. ఫోన్ నంబరు మీద కట్టిన సాఫ్ట్‌వేర్లు చాలావాటికి ఈ జబ్బు ఎంతో కొంత ఉంటుంది.

మొదట్లో అందరికీ నచ్చింది ఆ ఫోన్ నంబరే. పది అంకెలు కొడితే ఇంటిల్లిపాదీ తెర మీదికొస్తారు, పేరు మీద నొక్కితే ఓపీ చీటీ సిద్ధం. పాత చీటీ తెచ్చారా అని అడిగే పని లేదు. అయితే ఇంట్లో ఫోన్ ఒకటే, మనుషులు ఆరుగురు. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు కె-ఎస్-హెచ్‌తో కొడతారు, ఇంకొకరు ఎక్స్‌తో. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. వయసేమో ఉజ్జాయింపు. ఫోన్ లేనివాళ్లకు రిసెప్షన్‌లో పది తొమ్మిదులు కొట్టేస్తే, ఆ ఒక్క నంబరు కింద ఊరంతా చేరుతుంది. ఇలా ఒకే మనిషికి రెండు రికార్డులు పుడతాయి.

ఇది బయటపడేది రివ్యూ రోజున. వారంలోపు వస్తే ఫీజు లేదన్నది లెక్క. రెండో రికార్డు తెరిస్తే సాఫ్ట్‌వేర్ కొత్త పేషెంటనుకుని ఫీజు అడుగుతుంది. కౌంటర్ దగ్గర మాటామాటా పెరుగుతుంది. దానికి మందుగా ఇచ్చిందే మెర్జ్. ‘ఒకరే కావచ్చు’ అంటూ జంటల జాబితా చూపిస్తుంది. ఏది ఉంచాలో ఎంచుకుని నొక్కడమే.

మాకు జాబితాలో చూపించిన జంట తోడికోడళ్లు. ఒకరు వెంకటలక్ష్మి, ఒకరు లక్ష్మి. ఒకే ఇంటిపేరు, ఒకే ఫోను, వయసుల్లో రెండేళ్ల తేడా. మధ్యాహ్నం ఓపీ నడుస్తుండగా కలిపేశారు. బిల్లులు, విజిట్లు చక్కగా ఒకచోటికి చేరాయి. అలర్జీ మాత్రం ఉంచిన రికార్డులో ఉన్నదే మిగిలింది, తీసేసినదానిది మాయమైంది. ల్యాబ్ రిపోర్టులైతే తీసేసిన రికార్డు నంబరు కిందే ఉండిపోయి, వెతికినా దొరకవు. ఆ ఇద్దరిలో ఒకరికి సల్ఫా రకం మందు పడదన్న ఎర్ర గీత అలాగే పోయింది. తర్వాతి విజిట్‌లో ఆవిడే ‘నాకు సల్ఫా పడదండీ’ అని నోరు తెరిచి చెప్పబట్టి సరిపోయింది.

విడదీసే దారి లేదు. సపోర్టు వాళ్లను అడిగితే ముందురోజు రాత్రి బ్యాకప్ వెనక్కి తెస్తామన్నారు. అంటే ఒక్కరి రికార్డు కాదు, క్లినిక్ మొత్తం వెనక్కి పోతుంది. ఆలోపు కొట్టిన మందుల బిల్లులన్నీ చెరిగిపోతాయి. జీఎస్టీ బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. పేషెంట్ల చేతికి వెళ్లిపోయిన నంబర్లే మళ్లీ కొత్త బిల్లులకు పడతాయి. అందుకే ఒద్దన్నాం. ఒకరికి కొత్తగా నమోదు చేసి, కాగితం ఫైలు చూసుకుంటూ మందులూ అలర్జీలూ చేత్తో మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. పాత బిల్లులు ఇప్పటికీ రెండో ఆవిడ పేరు మీదే ఉన్నాయి, పక్కన ఒక నోటు రాసి పెట్టాం.

ఇప్పుడు మెర్జ్ ఓపీ అయిపోయాకే, అదీ ఒక్కరి లాగిన్‌కే. ముందుగా రెండు రికార్డులూ పీడీఎఫ్‌గా దించుకోవాలి. పుట్టిన సంవత్సరం, భర్త లేదా తండ్రి పేరు, ప్రభుత్వ హెల్త్ ఐడీ అయిన 14 అంకెల ఆభా నంబరు ఉంటే అదీ సరిచూడాలి. తీసేయబోయే రికార్డులోని అలర్జీలూ రోజూ వేసుకునే మందులూ ఉంచేదానిలోకి చేత్తో ఎక్కించాకే నొక్కాలి. ఉంచాల్సింది పాత రికార్డు కాదు, ల్యాబ్ రిపోర్టులు ఎక్కువున్నది. పోయే రికార్డు నంబరును కాగితం ఫైలు మీద రాయాలి, ఎందుకంటే పాత బార్‌కోడ్ ఇక తెరుచుకోదు.

ఆభా క్యూఆర్ స్కాన్ చేయిస్తే పేరు, పుట్టిన తేదీ సరిగ్గా వస్తాయి. చేయించండి. కానీ ఈ సాఫ్ట్‌వేర్‌కు అదొక అదనపు గడి మాత్రమే, మనిషిని గుర్తుపట్టేది ఇప్పటికీ ఫోన్‌తోనే. ఫోన్ నంబరు వదిలేస్తే కనీసం 90 రోజులాగి టెలికాం కంపెనీవాళ్లు దాన్ని వేరేవాళ్లకు ఇస్తారు. ఆ తర్వాత మన రివ్యూ మెసేజీలు ఎవరికో పోతాయి. అంత దూరం ఎందుకు, కోడలి ప్రెగ్నెన్సీ రిపోర్టు లింకు మరిది ఫోన్‌కు పోవడానికి ఇంట్లో ఒకే నంబరు ఉంటే చాలు.

ఒక్క డాక్టరు, రోజుకు అరవై డెబ్బై ఓపీలు, మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టే రిసెప్షనిస్టు ఉన్నారు కాబట్టి మాకు నడుస్తోంది. ఈ ఏడాది కూడా రెన్యువల్ చేశాం. మారదామన్నా ఎక్సెల్‌లోకి దించితే పేరు, ఫోను, వయసు వస్తున్నాయి, అలర్జీలు రావడం లేదు. పిల్లల క్లినిక్ అయితే నేను ధైర్యం చేయను. ‘బేబీ ఆఫ్’ అని నమోదైన పాప బారసాల తర్వాత కొత్త పేరుతో వస్తుంది, ఇంకో రికార్డు పుడుతుంది. ఇక కవలలైతే ఫోను, పుట్టిన తేదీ, ఇంటిపేరు అన్నీ ఒకటే. కొనేముందు డెమోలో ఇద్దరు కవలల్ని నమోదు చేయించి, కలిపించి, మళ్లీ విడదీసి చూపించమనండి.