ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

టెలిస్కోప్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏం కనిపిస్తుంది?" నేను ముందు కనిపించనివి చెబుతాను. ఇంటర్నెట్‌లో చూసే ఎర్రటి, నీలపు నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు) ఇందులో కనిపించవు. అవి గంటల తరబడి కెమెరాతో వెలుగు పోగుచేసి తీసిన ఫొటోలు. మన కంటికి చీకట్లో రంగులు పెద్దగా తెలియవు కాబట్టి గెలాక్సీలు, నెబ్యులాలు దాదాపు అన్నీ బూడిదరంగు మసకలుగానే ఉంటాయి. ఈ సంగతికి సిద్ధపడి కొంటే మాత్రం, ఇంట్లోకి ఇంతకంటే విలువైన వస్తువు ఇంకోటి రాదని నా నమ్మకం.

నేను 2019లో కొన్నాను. అద్దం వ్యాసం 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ. గొట్టం అడుగున పుటాకార దర్పణం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, పక్కన ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకం. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. చెక్క స్టాండు మీద గొట్టాన్ని చేత్తో తోసుకుంటూ వెతుక్కోవాలి. 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 మి.మీ. పెడితే 120 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. కానీ ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది అసలు విషయమే కాదు. చీకట్లో పూర్తిగా విచ్చుకున్న మన కంటిపాపతో పోలిస్తే ఈ అద్దం సుమారు 800 రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. డబ్బు పెట్టేది దానికే. "600 రెట్లు" అని డబ్బా మీద అచ్చేసి అమ్మే చిన్న టెలిస్కోపుల జోలికి వెళ్లకండి.

ఈ డిజైన్ వెనక ఉన్న మనిషి గురించి రెండు మాటలు చెప్పాలి. జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో చేరి, రెండు దశాబ్దాలకు పైగా సన్యాసిగా ఉన్నారు. ఓడ కిటికీల్లో వాడే మందపాటి గాజు తెచ్చుకుని, చేత్తో అరగదీసి అద్దాలు తయారుచేశారు. మఠం విడిచాక వీధి చివర ఫుట్‌పాత్ మీద టెలిస్కోప్ పెట్టి, దారినపోయేవాళ్లందరికీ పిలిచి చంద్రుణ్ణి చూపించారు. ఈ డిజైన్‌కు పేటెంట్ తీసుకోలేదు. అందుకే ఇంత పెద్ద అద్దమున్న టెలిస్కోప్ ఇవాళ మామూలు జీతగాడు కొనగలిగే ధరలో దొరుకుతోంది. ఆయన ఉద్దేశం కూడా అదే.

చంద్రుడి గురించి ఎక్కువ రాయను. పౌర్ణమి నాడు కాకుండా అష్టమి చుట్టుపక్కల చూడండి. వెలుగూ నీడా కలిసే గీత దగ్గర గుంతల అంచులు, కొండల నీడలు తేటగా తెలుస్తాయి. అది ఎవరికైనా నచ్చుతుంది.

శనిగ్రహం సంగతి వేరు. మొదటిసారి చూసినవాళ్లు దాదాపు అందరూ లోపల స్టిక్కర్ అంటించామనుకుంటారు. మా ఊళ్లో ఒక పిల్లాడు ఐపీస్ వదిలేసి, గొట్టం ముందు వైపుకు పరుగెత్తి లోపలికి తొంగిచూసి వచ్చాడు. దీన్ని ఏళ్ల తరబడి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నేను కొన్న కొత్తలో వలయాలు బాగా వాలి, వెడల్పుగా, మధ్యలో నల్లటి ఖాళీతో సహా కనిపించేవి. ఏటికేడు సన్నబడుతూ వచ్చాయి. 2025 మార్చిలో భూమి ఆ వలయాల తలంలోంచి దాటింది, అప్పుడు శని సూర్యుడికి దగ్గరగా ఉండడంతో చూడ్డానికి కుదరలేదు. ఆ నవంబరులో చూస్తే వలయాలున్న చోట సూదితో గీసినంత గీత, అంతే. మళ్లీ పూర్తిగా విచ్చుకునేది 2032లో. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగిరావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుందని బళ్లో చదువుకున్నాం. ఏలినాటి శని లెక్క కూడా అక్కడి నుంచి వచ్చిందే. కానీ ఆ తిరుగుడులో ఒక ముక్కను నా కళ్లతో నేను చూశాను. పుస్తకంలో అంకె చదవడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

2020 డిసెంబరు 21 సాయంత్రం గురుడు, శని ఒకే ఐపీస్‌లో ఇమిడిపోయారు. 1623 తర్వాత ఆ రెండూ అంత దగ్గరగా రావడం అదే. ఇటు గురుడు, చుట్టూ గెలీలియో 1610లో చూసిన ఉపగ్రహాలు, అటు పక్కనే వలయాలతో శని. చూడ్డానికి పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య 70 కోట్ల కిలోమీటర్ల పైమాటే. ఆకాశం మనకు పైన పరిచిన పందిరిలా కనిపిస్తుంది గానీ, దానికి లోతు ఉందని నాకు ఒంటికి తెలిసింది ఆ సాయంత్రమే.

దూరం అనేది మనసుకు పట్టాలంటే సప్తర్షి మండలంతో మొదలుపెట్టండి. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని ఉన్న చిన్న చుక్క అరుంధతి. 48 రెట్లలో పెడితే రెండూ ఒకే చోట ఇముడుతాయి, పైగా వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరని తెలుస్తుంది. ఇంకా సూక్ష్మంగా పరిశీలించిన శాస్త్రవేత్తలు అక్కడ మొత్తం ఆరు నక్షత్రాలున్నాయని తేల్చారు. మా నాయనమ్మకు కుర్చీ వేసి చూపించాను. "లగ్గంల అయ్యగారు చూడుమంటే చూసిన బిడ్డా, పట్టపగలు ఏం కనిపిస్తది! గిప్పుడు కనిపించింది" అంది. ఆ చుక్కలు మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఆమెకు ఎనభై దాటాయి. ఆమె పుట్టిన రోజుల్లో అక్కడ బయల్దేరిన వెలుగు ఆ రాత్రి ఆమె కంట్లో పడింది. ఈ మాట చెప్పాక ఇంకో పది నిమిషాలు ఐపీస్ దగ్గర్నుంచి కదల్లేదు.

మన ప్రాంతానికి ఉన్న ఒక అదృష్టం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి దక్షిణాకాశం చాలా వరకు కనిపిస్తుంది. ఒమేగా సెంటారి అనే నక్షత్రాల గుత్తి హైదరాబాద్‌లో దిగంతానికి 25 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, తిరుపతిలో ఇంకాస్త పైకి. లండన్‌లో అది అసలు ఉదయించనే ఉదయించదు. డాలస్‌లో పది డిగ్రీలు కూడా దాటదు. అందులో సుమారు కోటి నక్షత్రాలున్నాయి, దూరం 17 వేల కాంతి సంవత్సరాలు. 120 రెట్లలో చూస్తే అంచుల్లో చుక్కలు విడివిడిగా, మధ్యకు పోయేకొద్దీ లెక్కకు అందకుండా ఉంటాయి. ఫొటోలకంటే కంటికే బాగుండేవాటిలో నా లెక్కన మొదటిది ఇదే.

ఇక ఈ టెలిస్కోప్‌తో నేను చూసినవాటిలో అన్నిటికంటే దూరమైనది 3సీ 273 అనే క్వేజార్. కన్యారాశిలో ఉంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, 13వ ప్రకాశస్థాయికి (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది) దగ్గరగా చిన్న నలక లాంటి చుక్క. ప్రింటు తీసుకున్న నక్షత్ర పటం, ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని, తెలిసిన చుక్క నుంచి తెలియని చుక్కకు, అక్కడి నుంచి ఇంకో చుక్కకు జరుపుకుంటూ పోవాలి. ఆ చోటుకు చేరాక కూడా నేరుగా చూస్తే మాయమవుతుంది. చూపు కొంచెం పక్కకు తిప్పి ఓరగా చూడాలి, అప్పుడు తేలుతుంది. పటంలో చుట్టుపక్కల చుక్కలు చేసే ఆకారం, ఐపీస్‌లో కనిపించే ఆకారం ఒకటేనని మళ్లీ మళ్లీ సరిచూసుకుంటే తప్ప నమ్మకం కుదరదు.

1963లో మార్టెన్ ష్మిట్ అనే శాస్త్రవేత్త దీని వర్ణపటం పరిశీలించి, ఇది మన పాలపుంతలోని చుక్క కాదని, ఊహకందనంత దూరంలో ఉందని గుర్తించారు. ఒక గెలాక్సీ మధ్యలో ఉన్న మహా భారీ కృష్ణబిలం చుట్టూ తిరిగే పదార్థం వేడెక్కి వెలిగే వెలుగది. మన దాకా రావడానికి దానికి సుమారు 200 కోట్ల ఏళ్లు పట్టింది.

నేను దీన్ని చూసింది నల్గొండ జిల్లాలో మా ఊరి బయట బండ మీద టెలిస్కోప్ పెట్టి. హైదరాబాద్, నల్గొండ చుట్టుపక్కల గ్రానైట్ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంటే ఆ వెలుగు అక్కడ బయల్దేరేటప్పటికే నా కాళ్ల కింది బండ పుట్టి ఉంది. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, పక్షి లేదు. ఆ వెలుగు దారిలో ఉండగానే అవన్నీ వచ్చాయి, డైనోసార్లు వచ్చి పోయాయి, మనిషి వచ్చాడు, గాజు కరిగించడం నేర్చుకున్నాడు, దాన్ని అరగదీయడం నేర్చుకున్నాడు. చివరికి అది ఒక ఎనిమిది అంగుళాల అద్దం మీద పడి నా కంట్లోకి వచ్చింది. నేను ఆ రాత్రి అక్కడ లేకపోతే బండ మీద పడి ఆగిపోయేది. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఒళ్లు జలదరించింది, ఇప్పుడు రాస్తున్నా అంతే.

"ఇదంతా చూస్తే మనమెంత చిన్నవాళ్లమో అనిపించదా, దిగులుగా ఉండదా?" అని కొందరు స్నేహితులు అడుగుతారు. కొత్తలో అనిపించేది, నిజమే. ఇప్పుడు అనిపించదు. పాలపుంతలో కనీసం 10 వేల కోట్ల నక్షత్రాలున్నాయి, అలాంటి గెలాక్సీలు లెక్కలేనన్ని. ఈ లెక్క కట్టింది ఎవరు? మనమే కదా! నక్షత్రాల పటం తయారుచేసే అంతర్జాతీయ పనిలో వందేళ్ల కిందట హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ కూడా పాలుపంచుకుంది. చుక్క తరవాత చుక్క కొలిచి రాసుకున్నారు. పరిమాణంలో చిన్నవాళ్లమైనా అంత దూరాన్ని అర్థం చేసుకోగలిగే తెలివి మనకు ఉంది. దీన్ని నేను చాలా గొప్ప సంగతిగా భావిస్తాను.

1977 సెప్టెంబరులో బయల్దేరిన నాసా వ్యోమనౌక వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో ఇంకా పోతూనే ఉంది. ఇప్పుడు అక్కడికి వెలుగు చేరాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. అందులో పెట్టిన బంగారు పూత రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. వేసవి రాత్రుల్లో వృశ్చికానికి ఉత్తరంగా, ఒఫియూకస్ మండలం వైపు ఒకసారి తప్పకుండా టెలిస్కోప్ తిప్పుతాను. అది పోతున్న దిక్కు అదే. ఏ టెలిస్కోప్‌కూ అది కనిపించదని తెలుసు. అయినా తెలుగువాళ్ల శుభాకాంక్షలు అటు పోతున్నాయని తలుచుకుంటే సంతోషం. అదే వేగంతో సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమంత దూరం పోవాలన్నా 70 వేల ఏళ్ల పైనే పడుతుంది.

ఇబ్బందుల సంగతికి వస్తే, మొదటిది బరువు. గొట్టం, స్టాండు కలిపి పాతిక కిలోల దాకా ఉంటుంది, కారు వెనక సీటు మొత్తం పోతుంది. రెండోది మన వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. ఆ నెలల్లో అద్దానికి ఫంగస్ పట్టకుండా రెండు చివర్లా మూతలు బిగించి, లోపల సిలికా జెల్ సంచులు వేసి ఉంచండి. నా స్టాండు ప్రెస్‌డ్ ఉడ్‌ది, రెండో వానాకాలానికి అడుగు అంచులు ఉబ్బాయి. అంచులకు వార్నిష్ కొట్టించాక మళ్లీ ఇబ్బంది రాలేదు. అద్దం మీద కాస్త దుమ్ము ఉంటే వదిలేయండి, గుడ్డ పెట్టి తుడిస్తే పూత గీసుకుపోతుంది. కారులో కుదుపులకు అద్దాలు కదులుతాయి కాబట్టి ప్రతిసారీ కాలిమేషన్ చేసుకోవాలి, అంటే అద్దాలను మళ్లీ ఒకదానికొకటి సరిగ్గా ఎదురయ్యేలా సర్దుకోవాలి. కొత్తలో టెన్షన్‌గా ఉంటుంది గానీ చేయి తిరిగితే ఐదు నిమిషాల పని. బయట పెట్టాక అరగంట చల్లారనివ్వండి, లేకపోతే గ్రహాలు నీళ్లలో ఊగినట్టు ఊగుతాయి.

అసలు శత్రువు మాత్రం వీధి దీపాలు. తెల్లటి ఎల్ఈడీలు వచ్చాక మా ఊరి ఆకాశం కూడా పలచబడింది. నగరంలో మేడ మీద నుంచి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు హాయిగా చూడొచ్చు. గెలాక్సీల కోసం అమావాస్య చుట్టుపక్కల ఊరు దాటాల్సిందే. కంటికి పాలపుంత కనిపించే చోటు మీకు గంట రెండు గంటల దూరంలో ఉంటే కొనండి. లేకపోతే ముందు 10×50 బైనాక్యులర్‌తో ఒక చలికాలం గడపండి, కృత్తికలు, మృగశిర కింది నెబ్యులా అందులోనే చాలా బాగుంటాయి. లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లు ఆరు అంగుళాలది తీసుకోండి. చాలా తేలిక, చీకటి బాగుంటే ఆ క్వేజార్ అందులోనూ దొరుకుతుంది.