రూల్సు మరచిపోయినా మిగిలే ఆటలు: డిమెన్షియా ఉన్న ఇంట్లో కొన్నేళ్ల వాడకం తర్వాత

డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచించే శక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి. "డిమెన్షియా ఉన్నవారికి ప్రత్యేకం" అని పెట్టె మీద రాసి అమ్మే ఆటవస్తువుల్లో మేము తెచ్చుకున్నవి చాలావరకు ఏడాది తిరక్కుండానే అటకెక్కాయి. మా నాన్నగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు డిమెన్షియా తెచ్చే జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్ అని తేలి కొన్నేళ్లయింది. ఈ కాలంలో నేను కొన్నవి, బంధువులు తెచ్చిచ్చినవి, చెల్లెలు ఇంట్లోనే తయారుచేసినవి అన్నీ ఆయన ముందుకు వచ్చి వెళ్లాయి. వాటిలో మంచిదేదో తేల్చడానికి నేను చూసేది ఒకటే: నియమాలు సగం మరచిపోయాక కూడా ఆ వస్తువుతో చేయడానికి ఏమైనా మిగులుతుందా? జ్ఞాపకశక్తిని పెంచుతుందని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఆ లెక్కన మొదటి స్థానం డొమినోలది. ఒక్కో బిళ్ల రెండు సగాల మీద చుక్కలుంటాయి, చుక్కలు సమానంగా ఉన్న సగాలను ఆనించి వరుస పేర్చడమే ఆట. మామూలు సెట్టులో 28 బిళ్లలుంటాయి. మొదట్లో నాన్నగారు అసలు ఆటే ఆడేవారు. ఎదుటివారి చేతిలో ఏ బిళ్లలు మిగిలాయో లెక్కగట్టి మరీ ఓడించేవారు. కొన్నాళ్లకు స్కోరు పోయింది, చుక్కలు కలపడం మిగిలింది. తర్వాత ఎవరి వంతన్నదీ పోయింది, ఇద్దరం కలిసి ఒకే వరుస పేర్చుకుంటూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేరుస్తారు, అప్పుడప్పుడు చుక్కలు పైకి లెక్కపెడతారు. ఏ దశలోనూ "తప్పు ఆడారు" అని చెప్పవలసిన అవసరం రాలేదు. కొనేవారు అరచేతిలో సగమైనా ఉండే చెక్క బిళ్లలు చూసుకోండి. చుక్కలు లోతుగా చెక్కి ఉంటే వేలికి తగులుతాయి. ఒక్కో అంకెకు ఒక్కో రంగు చుక్కలున్న సెట్టు ఇంకా నయం, లెక్క తప్పే రోజుల్లో రంగును బట్టి కలపవచ్చు. నిగనిగలాడే ప్లాస్టిక్‌వి చేతిలోంచి జారిపోతాయి.

పేకముక్కలది రెండో స్థానం. అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం తొందరగా దెబ్బతింటుంది. చేతులకు అలవాటైన పనులు మెదడులోని వేరే భాగాల మీద ఆధారపడతాయి కనుక అవి ఎక్కువ కాలం ఉంటాయి. ఆట పేరు గుర్తులేని మనిషి పేకను రెండు భాగాలు చేసి చకచకా కలపడం చూస్తే ఈ మాట అర్థమవుతుంది. పెద్ద అంకెలున్న పేక, ముక్కలు నిలబెట్టుకోవడానికి గాడి ఉన్న చెక్క స్టాండు రెండూ పనికొచ్చాయి. ఆట పోయాక ఎరుపు ఒకవైపు, నలుపు ఒకవైపు వేరుచేయడం మిగిలింది. ఒక ఇబ్బంది ఏమిటంటే, మధ్యలో ఆయన సొంత నియమాలు పెట్టేవారు. లెక్కల మాస్టారు కదా, తప్పెప్పుడూ ఎదుటివారిదే! పెద్దవాళ్లం సర్దుకుపోయాం కానీ, పిల్లలను ఒప్పించడానికి కొంత కష్టపడవలసి వచ్చింది.

ముక్కలు కలిపి బొమ్మ పూర్తిచేసే జిగ్సా పజిళ్ల మీద నాకు రెండు మనసులున్నాయి. ఇలాంటివారి కోసమే చేసినవి 63, 35, 24, 13 ముక్కల్లో దొరుకుతాయి, కాబట్టి దశను బట్టి తగ్గించుకుంటూ పోవచ్చు. అయినా జిగ్సాకు సరైన జవాబు ఒక్కటే. ముక్క ఇమడకపోతే అది తన తప్పేనని ఆ మనిషికి తెలిసిపోతుంది. నాన్నగారు ముక్కను బలవంతంగా నొక్కేవారు, అదీ కుదరకపోతే లేచి వెళ్లిపోయేవారు. మాకు కలిసొచ్చిన పద్ధతి తలకిందులుది: ముందే నేను దాదాపు అంతా పేర్చేసి, చివరి నాలుగైదు ముక్కలు ఆయనకు వదిలేసేదాన్ని. పూర్తిచేసిన తృప్తి ఆయనదే. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో పేర్చుకునేవి కొనండి. ఆకాశం, సముద్రం నిండా పరచుకున్న బొమ్మలు వద్దు, ఒకే రంగు ముక్కల్లో దారి తెలియదు. పిల్లల బొమ్మలు అసలే వద్దు. కార్టూన్ కుక్కపిల్ల ఉన్న పజిల్‌ను ముందు పెడితే నాన్నగారు చుట్టూ చూసి, "ఎవరి పిల్లాడో మరచిపోయి వెళ్లినట్టున్నాడు, దాచి ఉంచమ్మా" అన్నారు. జ్ఞాపకం తగ్గినంత మాత్రాన మనిషి పెద్దరికం తగ్గదు, తయారీదారులకు ఇది ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు. లూయీ బాడీ రకం డిమెన్షియాలో చూసినదాన్ని పోల్చుకునే శక్తి మొదట్లోనే దెబ్బతినవచ్చు. అలాంటివారి చేతికి జిగ్సా ఇచ్చే ముందు ఆలోచించాలి.

ట్యాబ్లెట్‌లో మెదడు వ్యాయామాల యాప్‌లు మా ఇంట్లో ఘోరంగా విఫలమయ్యాయి. వేలు కాస్త ఎక్కువసేపు ఆనితే ఇంకేదో తెరుచుకుంటుంది. మధ్యలో ప్రకటనలు. పక్కన పరుగెత్తే టైమరు, తప్పు చేస్తే ఎర్ర గుర్తు, చివర్లో నిన్నటికంటే తగ్గిన స్కోరు. రోజురోజుకూ తగ్గుతున్న మనిషికి ఆ సంగతి గ్రాఫు గీసి చూపించడం ఎవరికి వచ్చిన ఆలోచనో! ఈ ఆటలు డిమెన్షియాను ఆపుతాయన్న ప్రచారాన్ని కూడా నమ్మనవసరం లేదు. లుమోసిటీ అనే మెదడు ఆటల యాప్ కంపెనీ చేసిన అలాంటి ప్రకటనలు వినియోగదారులను మోసగించేవంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపితే, 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ట్యాబ్లెట్‌ను మేమిప్పుడు పాటలకు, ఫొటోలకు వాడుతున్నాం, అందుకు అది బాగానే ఉంది.

నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది పెట్టెలో దొరికేదానికి కాదు, కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అనే బృంద కార్యక్రమానికి. బ్రిటన్‌లో రూపొందిన దీని మీద పెద్ద అధ్యయనం 2003లో వచ్చింది. వారానికి రెండుసార్లు చొప్పున ఏడు వారాల్లో 14 సమావేశాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. చిన్ననాటి సంగతులు, శబ్దాలు, డబ్బు వాడకం, పదాల ఆటలు, వస్తువులను వర్గాలుగా విడదీయడం, ఇలా రోజుకో అంశం. తేలికపాటి నుంచి మధ్యస్థ దశ దాకా ఉన్నవారికి ఇది కొంత ఉపయోగపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వ్యాధి మాత్రం ఆగదు. దీనిలో నేను పట్టుకొచ్చిన సూత్రం ఒక్కటి: జ్ఞాపకాన్ని అడగవద్దు, అభిప్రాయాన్ని అడగండి.

ఫొటో ఆల్బమ్ తీసి "ఇదెవరో చెప్పండి" అని అడిగినంత కాలం నాన్నగారు ముఖం తిప్పుకునేవారు. ప్రతి ఫొటో కింద పేరు పెద్దక్షరాలతో రాసిపెట్టి, "ఈ ఇద్దరిలో అల్లరి ఎవరిది?" అని అడగడం మొదలుపెట్టాక మాటలే మాటలు. చెప్పేదాంట్లో నిజమెంతో నాకనవసరం. ఈ థెరపీని కుటుంబసభ్యులే ఇంట్లో చేయించే పద్ధతిని కూడా పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. జ్ఞాపకశక్తిలో మెరుగు కనిపించలేదు కానీ, తమను చూసుకునేవారితో బంధం మెరుగైందని డిమెన్షియా ఉన్నవారు చెప్పారట. మా అనుభవం అచ్చంగా ఇదే. అందుకే ఎవరైనా "గుణం కనిపించిందా?" అని అడిగితే నాన్నగారి పరీక్షల మార్కులు చెప్పను, గంట సేపు గొడవ లేకుండా గడిచిందని చెబుతాను.

మిగతావి క్లుప్తంగా. తడి కుంచెతో రాస్తే బొమ్మ తేలి, ఆరాక మాయమయ్యే పలకలు చాలా బాగున్నాయి, అందులో తప్పు చేయడానికి వీలే లేదు. జిప్పులు, గుండీలు, రకరకాల గుడ్డలు కుట్టిన ఒడి దుప్పటి చేతులు ఊరికే ఉండలేని దశలో అక్కరకొచ్చింది. జ్ఞాపకశక్తి జత కార్డులు, అంటే బోర్లించిన కార్డుల్లో జతలు వెతికే ఆట, పరమ దండగ. ఏది పోయిందో సరిగ్గా దాన్నే అడిగే ఆట అది. కార్డులన్నీ వెల్లకిలా పరిచి జతచేయిస్తే మాత్రం ఫరవాలేదు.

ఏదైనా పొద్దునపూట, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. సాయంత్రం చికాకు పెరిగే వేళ ఏ ఆటా నడవదు. టీవీ ఆపేయండి. బల్ల మీద ఆ ఒక్క వస్తువే ఉంచి, దాని కింద రంగులో కొట్టొచ్చినట్టు తేడా ఉన్న గుడ్డ పరవండి. వ్యాధి ముదిరాక చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే అలవాటు రావచ్చు, కాబట్టి చిన్న ముక్కలను, ఊడిపోయే గుండీలను అప్పటికే తీసేసి ఉండాలి. ప్రయాణాల కోసం అమ్మే అయస్కాంతపు సెట్లు ఇంట్లోకే తేవద్దు. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో ఇరికించుకుని అతుక్కుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు.