హన్మకొండల 20 సిట్టింగుల ఫిజియో ప్యాకేజీ: రుమటాయిడ్ ఉన్నోళ్లు పైసలు కట్టకుండ్రి

నిన్న సాయంత్రం జరిగింది. కోపం తగ్గినంక రాస్తె సగం వదిలేస్తనని ఇప్పుడే రాస్తున్న. హన్మకొండల ఒక ఫిజియోథెరపీ సెంటరోళ్లు వాట్సాప్‌ల తిప్పే ఆఫర్ ఇది: 20 సిట్టింగులు, 12,000 ముందే కట్టాలె. అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ గోలీ నడుస్తంది. ఫైల్ చూడకుండ పైసలు లెక్కపెట్టుకున్నప్పుడే లేచి రావాల్సింది. రాలేదు, అది నా తప్పు.

రుమటాయిడ్ అంటె మోకాలు అరుగుడు కాదు. ఒంట్ల రక్షణ వ్యవస్థే కీలు పొర మీద పడుతది, రెండు చేతుల కణుపులు, మణికట్లు ఒక్కతీరుగ ఉబ్బుతయి, పొద్దుగాల గంట దాక వేళ్లు ముడవరావు. రోగాన్ని ఆపేది మందులే. ఫిజియో కీలు బిగుసుకపోకుండ, కండ బలం పోకుండ చూస్తది. ఈ రెండూ కావాలె. వీళ్లేమో 20 సిట్టింగులైతె గోలీలు బంద్ చేయొచ్చన్నరు.

మూడో సిట్టింగు నాటికి అమ్మ కుడి మణికట్టు ఉబ్బి, ముట్టుకుంటె వేడిగ తగులుతంది. కీలు అట్ల ఉన్నప్పుడు వేడి పెట్టొద్దు, గుంజొద్దు. బట్టల చుట్టిన ఐసు 10 నిమిషాలు, మణికట్టుకు స్ప్లింట్ (కదలకుండ పట్టి ఉంచే పట్టీ), నొప్పి రానంత మేర రోజుకు ఒకటి రెండుసార్లు మెల్లగ కదిలించుడు, అంతె. వీళ్లు తీస్కపోయి కరిగిన వేడి మైనం తొట్టిల చెయ్యి ముంచమన్నరు.

వాపు తగ్గినంక మైనం మంచిదే, బిగుసుకున్న వేళ్లు సాగుతయి. కాని దానికో పద్ధతుంది. 7 వంతుల పారాఫిన్ మైనానికి 1 వంతు లిక్విడ్ పారాఫిన్ నూనె కలిపితెనే తక్కువ వేడికి కరిగి ఉంటది. 52 నుంచి 54 డిగ్రీలు ఉన్నదా లేదా థర్మామీటర్ పెట్టి చూడాలె. గాజులు, ఉంగరాలు తియ్యాలె, చెయ్యి కడిగి తడి లేకుండ తుడవాలె. 8, 10 సార్లు ముంచి తీయాలె, మధ్యల వేళ్లు కదపొద్దు, పొర పగిలితె వేడి మైనం సందుల్లకు దిగి కాలుతది. పైన కవరు, తువ్వాల చుట్టి 15, 20 నిమిషాలు. అక్కడ థర్మామీటరే లేదు, తొట్టి డయల్ మీద అంకెలు అరిగిపొయినయి, అమ్మ గాజులు కూడ తియ్యమనలే.

అసలు సంగతి మెడ దగ్గర. పట్టేసినట్టుందని అమ్మ అన్నదో లేదో, సిట్టింగు చేసేటాయన వెనుకకు పొయ్యి గదవ కింద చెయ్యి పెట్టిండు, ఒక్కసారి తిప్పితె సాపైతదని. చెయ్యి పట్టుకొని ఆపిన. ఏండ్ల సంది రుమటాయిడ్ ఉన్నోళ్లకు మెడల పైన రెండు పూసలను పట్టి ఉంచే బంధనం సడలిపోవచ్చు. అట్ల సడలిన మెడను టక్కున తిప్పితె వెన్నుపాము నలుగుతది, కాళ్లు చేతులు పడిపోవచ్చు. మెడ ముందుకు వంచి, వెనుకకు వంచి ఎక్స్‌రే తీయకుండ మెడను ముట్టొద్దు. "ఎక్స్‌రే చూసిండ్రా?" అన్న. "డాక్టర్ మీరా నేనా?" అన్నడు. ఫైల్ ఆ టేబుల్ మీదనే ఉంది. మూడు సిట్టింగుల సంది తెరవలే, అట్ట మీద రెండు మైనం చుక్కలు గడ్డకట్టినయి, వాటి పక్కనే రుమటాయిడ్ అని పెద్దగ రాసుంది.

మిగిలిన 17 సిట్టింగుల 10,200 వాపస్ ఇయ్యమంటె రశీదు తిరగేసి, "రిఫండ్ లేదు" అన్న లైను మీద గోరు పెట్టి, "సదువుకున్నోళ్లే కద" అన్నడు. అమ్మ ఆ ఉబ్బిన చేతితోటే చెప్పులు తొడుక్కుంటంది అప్పుడు. పైసలకన్న ఆ మాటే ఎక్కువ మండింది నాకు.

రశీదు మీద అట్ల రాసుకున్నంత మాత్రాన అయిపోదు. సేవల లోపముంటె పైసలు వాపస్ ఇయ్యకపోవుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టంల అనుచిత వ్యాపారం కిందికొస్తది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు, 5 లక్షల లోపు కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌ల ఫీజు లేదు. రశీదు ఫొటో తీసి పెట్టిన, రేపు ఫిర్యాదు పెడుతున్న.

మీరు ఎక్కడికి పొయినా ఏ రోజు పైసలు ఆ రోజే ఇయ్యుండ్రి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినోళ్లేనా అడుగుండ్రి. వ్యాయామం అయినంక నొప్పి రెండు గంటలు దాటి ఉంటె మరుసటి రోజు తగ్గించాలె.

ఇంకోటి, వాళ్లు 350కి అమ్మే రబ్బరు బాలు. రోజుకు 100 సార్లు గట్టిగ పిసుకమంటరు. కణుపులు ఉబ్బినోళ్లు అట్ల పిసుకుతె వేళ్లు చిటికెన వేలు దిక్కు ఒరుగుతయి. ఆ బాలు కొనుక్కున్నోళ్లు దాన్ని పక్కన పెట్టుండ్రి. దాని బదులు అరచెయ్యి బల్ల మీద పరిచి, ఒక్కో వేలును బొటనవేలు దిక్కు మెల్లగ జరుపుండ్రి, చేతికి 5 సార్లు చాలు.