పీణ్యలోని ఫైర్‌బ్రిక్ కొట్టు: రాకెట్ హీటర్ కట్టుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో ఫ్లాట్లలో ఉండేవారికి కట్టెల హీటరుతో పని పడదు గానీ, నంది కొండల దిగువన, చిక్కబళ్లాపురం వైపు తోట ఇళ్లు కట్టుకున్న మనవాళ్లకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో దాని అవసరం బాగానే తెలిసివస్తుంది. అలాంటి ఒక ఇంట్లో ఇటుకలతో రాకెట్ హీటరు, అంటే పొగను కూడా కాల్చి గదిని వేడిచేసే కట్టెల పొయ్యి, లోపలి దారి ఆరంగుళాలు ఉండేలా కట్టించడానికి కావలసిన సరుకులో ముఖ్యభాగాన్ని పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న కొట్టులో తీసుకున్నాను.

ఫైర్‌బ్రిక్, అంటే మంట వేడిని తట్టుకునే ఇటుక, అమ్మే వ్యాపారులు సాధారణంగా పోతపని కర్మాగారాలకు లారీల లెక్కన సరఫరా చేస్తారు కాబట్టి, వంద ఇటుకలు కావాలని ఫోన్ చేస్తే సరిగ్గా సమాధానం కూడా చెప్పరు. ఈ కొట్టులో పది ఇటుకలు అడిగినా ఇస్తారు. కౌంటరులో ఉన్నాయన హిందూపురం వైపు మనిషి కావడంతో తెలుగులోనే మాట్లాడతారు, “ఏం సార్, బేకరీకా, కొలిమికా?” అన్నదే ఆయన మొదటి ప్రశ్న. గది వేడెక్కడానికి అని చెబితే కాస్త వింతగా చూశారు గానీ, గీసి తెచ్చిన కాగితం మాత్రం ఓపికగా చూశారు.

ఏది ఎందుకు కొనాలో తెలియాలంటే హీటరు పనితీరు కొంత తెలియాలి. అమెరికాలోని ఓరెగాన్‌లో 1980ల్లో లారీ వినియార్స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యి సూత్రాన్ని ఇయాంటో ఎవాన్స్ గది వేడిచేసే హీటరుగా మలిచారు. కట్టెలు నిలువుగా దిగే నోరు, అడ్డంగా సాగే సొరంగం, ఆపైన నిట్టనిలువుగా లేచే గొట్టం, ఈ మూడింటి పొడవులు దాదాపు 1:2:4 పాళ్లలో ఉంటాయి. నిలువు గొట్టంలో వేడి బయటికి పోకుండా కాపాడితే పొగ అక్కడే కాలిపోతుంది, పొగను ముందుకు నడిపే లాగుడు కూడా దానివల్లే పుడుతుంది. తరువాత ఆ వేడిగాలి గొట్టం చుట్టూ కట్టిన ఇటుక గూడు గోడలకు తన వేడినిచ్చి, చల్లబడి బయటికి పోతుంది.

అందుచేత దెబ్బ తట్టుకునే ఇటుక ఒకటి, వేడిని ఆపే ఇటుక ఒకటి కావాలి. మొదటిది ఐఎస్ 8 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న గట్టి ఫైర్‌బ్రిక్. 230 × 115 × 75 మిల్లీమీటర్ల కొలతతో ఒక్కొక్కటి సుమారు 4 కిలోలు తూగుతుంది. రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే కంచు మోగినట్టు ఖంగుమనాలి, ముఖాముఖి ఆనిస్తే మధ్యలోంచి వెలుతురు కనిపించకూడదు. వంపు తిరిగినవి కొన్ని కలిసి ఉన్నాయి గానీ, ఏరుకోవడానికి అభ్యంతరం చెప్పలేదు.

రెండో రకం దగ్గర జాగ్రత్త అవసరం. ఇన్సులేషన్ ఇటుక అని మాత్రమే అడిగితే కోల్డ్ ఫేస్ రకం తెచ్చి పెడతారు; అది వెనక వరసకే గానీ మంట నేరుగా తగిలే చోటికి పనికిరాదు. మంటకు నేరుగా ఎదురుగా నిలిచే హాట్ ఫేస్ రకం అని పట్టుబట్టి అడగాలి. రంపపు బ్లేడుతో కోస్తే సుద్దలా తెగే ఈ తేలిక ఇటుక నిలువు గొట్టానికి చక్కగా అమరుతుంది: తొమ్మిదంగుళాల పొడవు, మూడంగుళాల మందం ఉన్న నాలుగు ఇటుకలను పక్కకు నిలబెట్టి, ఒకదాని కొసను మరొకదాని పక్కకు ఆనిస్తూ చుట్టూ పేరిస్తే లోపల సరిగ్గా ఆరంగుళాల చదరం మిగులుతుంది. వరస ఎత్తు నాలుగున్నర అంగుళాలు కాబట్టి పదకొండు వరసలకు, అంటే 44 ఇటుకలకు, నాలుగడుగుల పైచిలుకు గొట్టం లేస్తుంది. కట్టె పదేపదే తగిలే నోటి దగ్గర మాత్రం దీన్ని వాడరాదు, త్వరగా రాలిపోతుంది.

ఇటుకలను అతకడానికి వాడే వేడి తట్టుకునే మట్టి, ఫైర్‌క్లే పొడి విషయంలో నాకు తృప్తి లేదు. మూత విప్పిన బస్తాలోంచి చేటతో తోడి తూచి ఇచ్చారు. జల్లించి చూస్తే పలుకులు చాలా తేలాయి. రెండు మూడు మిల్లీమీటర్ల అతుకుకు పలుకు అడ్డుపడుతుంది కనుక మూసి ఉన్న సంచీయే అడగడం మేలు. అందులో గుప్పెడు సిమెంటు కలపమన్న కొట్టువారి సలహాను మేస్త్రి కూడా సమర్థించాడు గానీ నేను ఒప్పుకోలేదు. మామూలు సిమెంటులోని బంధం 450 డిగ్రీల దగ్గరే విడిపోవడం మొదలవుతుంది, గొట్టం లోపలి వేడి దానికి రెట్టింపు దాకా పోగలదు.

వేడిని ఆపే దూదిపరుపు లాంటి 25 మిల్లీమీటర్ల సెరామిక్ ఫైబర్ బ్లాంకెట్‌ను రోలు మొత్తం కొనమనకుండా మీటర్ల లెక్కన కోసి ఇవ్వడం మెచ్చుకోదగిన విషయం. అయితే కోసిన కుర్రాడికి మాస్కు లేదు, కొన్నవారిని వాడమనీ చెప్పలేదు. ఈ పోగుల దుమ్మును క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ సంస్థలు వర్గీకరించాయి కాబట్టి, ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

అసలు ఇబ్బంది రవాణాలో వచ్చింది. గూడ్స్ ఆటోలో తేలిక ఇటుకలను కింద పేర్చి గట్టివాటిని పైన ఎత్తడంతో చాలావాటి మూలలు చితికిపోయాయి. మార్చి ఇవ్వమంటే డ్రైవరును అడగమన్నారు. దగ్గర నిలబడి ఎక్కించుకోవాల్సిందే.

హీటరు బయటి గోడకు ఇక్కడ ఏమీ కొననక్కర్లేదు. మాలూరు వైపు నాటు ఇటుక, జల్లించిన ఎర్రమట్టి, ఇసుక చాలు. లోపలి భాగం వేడికి సాగుతుంది కనుక దానికీ బయటి గోడకూ మధ్య బ్లాంకెట్ ముక్కతో సందు వదలాలి. గొట్టానికి నేరుగా పైన కడప బండ పరిస్తే వేడికి పగులుతుంది కాబట్టి, ఆ మూతకు మాత్రం ఈ కొట్టులోని కాస్టబుల్ (వేడి తట్టుకునే కాంక్రీటు పొడి) తీసుకుని, తక్కువ నీటితో కలిపి పోసి, ఆరిన తరువాత చిన్న మంటలతో మెల్లగా వేడెక్కించాలి. పొగ బయటికి పోయే గొట్టం వీరి దగ్గర దొరకదు, బెంగళూరు హార్డ్‌వేర్ బజారైన ఎస్.జె.పి. రోడ్డుకు వెళ్లాలి, ఆరంగుళాలకు తగ్గిన పైపు తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దు, లాగుడు తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకే తిరిగి వస్తుంది.